టాపులేని కారు

మా వంశంలో ఎవరికీ పిచ్చి లేదు. ఈ సంగతి మొదటే చెప్పుకోవడం మంచిది. అరవయ్యారేళ్ళ మనిషి, పెన్షన్ మీద బతికేవాడు, వనపర్తిలో తన మట్టిమిద్దె కురుస్తూండగా, టాపులేని కారొకటి కొన్నాడని తెలిస్తే ఎవరికైనా మొట్టమొదట కలిగే అనుమానం అదే కదా! మా ఆవిడకు కూడా అదే కలిగింది. కాని ఆవిడ పెద్దింటి పిల్ల కాబట్టి పైకి అనలేదు.

టాపులేని కారంటే బొత్తిగా టాపు లేదని కాదు. నల్లటి గుడ్డ టాపు ఉంటుంది. బొత్తాం నొక్కితే పది పన్నెండు సెకన్లలో అదంతట అదే లేచి, ముడుచుకుని, సీట్ల వెనక గూట్లోకి వెళ్ళి పడుకుంటుంది. మళ్ళీ నొక్కితే బుద్ధిమంతుడిలా లేచి వచ్చి నెత్తిమీద కూర్చుంటుంది. ఉండేవి రెండే సీట్లు. మనవలకు చోటు లేదు, మామిడిపళ్ళ బుట్టకు చోటు లేదు. జర్మన్ కంపెనీ కారు. కంపెనీ పేరు అడగకండి. తప్పు వారిది కాదు.

ఈ కోరిక ఎక్కడ పుట్టిందంటే, చిన్నప్పుడు టూరింగు టాకీసులో పుట్టింది. ఆ రోజుల్లో సినిమా హీరో టాపులేని కారెక్కితే చాలు, పాట అందుకునేవాడు. తరవాత నేను వనపర్తి రాజావారి కోటలో చదువుకున్నాను. చదువుకున్నానంటే రాజకుమారులతో అని కాదు; 1959లో ఆ కోటలో ప్రభుత్వ పాలిటెక్నిక్కు పెట్టారు, అందులో డిప్లొమా చేశాను. ఆ గోడల గాలి కొంచెం ఒంటికి పట్టింది కాబోలు. ఉద్యోగమైతే నీటిపారుదల శాఖలో దొరికింది. ముప్ఫై ఏళ్ళు డిపార్టుమెంటు జీపులో దుమ్ము తిన్నాను. దానికీ గుడ్డ టాపే. అందులో ఎప్పుడూ పాట రాలేదు.

2021 దసరాకు మా ఆవిడ మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి నిద్రపోతున్న పామును లేపాడు. “మామయ్యా, 2007 మోడలు, పెట్రోలు బండి, ఎక్కువ తిరగలేదు. కొత్తలో నలభై లక్షల పైమాట. ఇప్పుడు తొమ్మిది లక్షలకిస్తానంటున్నాడు” అన్నాడు. నలభై లక్షలది తొమ్మిదికి! ముప్ఫై ఒక్క లక్ష ఊరకే లాభం వస్తోందని నాకు తోచింది. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చేవి.

ఇక్కడ ఒక చిన్న విషయం దాచకుండా చెప్పాలి. ఆ తొమ్మిది లక్షలు నావి కావు. గద్వాల దగ్గర పుట్టింటివారి పొలం అమ్మినప్పుడు మా ఆవిడ వాటాకు పన్నెండు లక్షలు వచ్చింది. ఆ డబ్బుతో వెనక రెండు గదుల మట్టిమిద్దె తీసేసి స్లాబు వేయిద్దామని ఆమె అనుకుంది. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకుని, ఎనిమిది లక్షలవుతుందని కూడా చెప్పి వెళ్ళాడు.

“మరి మిద్దె?” అంది మా ఆవిడ.

“మిద్దె ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు వేయిద్దాం” అన్నాను.

“మీ ఇష్టం” అంది.

పెళ్ళయిన వాళ్ళకు ఆ రెండు మాటల అర్థం నేను విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ రోజు మాత్రం నేను వాటికి నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకున్నాను.

కారు డిసెంబరులో వచ్చింది. సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున మా ఆవిణ్ణి ఎక్కించుకుని గద్వాలకు బయలుదేరాను. ఆమె గద్వాల చీరే కట్టుకుంది. నూలు చీరకు పట్టు అంచు. పెళ్ళిలో పెట్టినది కాదు గాని, దాని చెల్లెలిలాంటిది. పెబ్బేరు దాటాక టాపు తీశాను. చలిగాలి ముఖానికి కొట్టింది. బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి తూర్పున ఎర్రబడుతోంది. కింద కృష్ణ, పైన ఆకాశం, మధ్యన మేమిద్దరం. కొంగు ఎగిరిపోతూంటే రెండు చేతులా పట్టుకుని మా ఆవిడ పకపకా నవ్వింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి దర్శనం చేసుకుని, బావమరిది ఇంట్లో టిఫిను తిని, రాజావారిలా తిరిగి వచ్చాం.

ఆ ఒక్క రోజుకు కారు ఖరీదు తీరిపోయిందనుకున్నాను. ముందుంది ముసళ్ళ పండగని నాకేం తెలుసు?

మొదట టైరు. ఫిబ్రవరిలో ఎర్రవల్లి చౌరస్తా దగ్గర వెనక టైరు పక్క చీలిపోయింది. స్టెప్నీ తీద్దామని డిక్కీ ఎత్తితే, స్టెప్నీ లేదు! తరవాత తెలిసింది, ఈ జాతి కార్లకు స్టెప్నీ ఇవ్వరట. పంక్చరైనా నిదానంగా ఎనభై కిలోమీటర్లదాకా నడిచే గట్టి టైర్లు వేస్తారట. కాని అది మేకు గుచ్చుకున్నప్పటి మాట. రబ్బరు ముసలిదై పక్కకు చీలితే ఎంత గట్టి టైరైనా టైరే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. నా టైర్ల మీద 2312 అని ఉంది. అంటే 2012లో ఇరవై మూడో వారం; పదేళ్ళ కిందటి సరుకు. పైన గళ్ళు చూస్తే కొత్తదానిలా ఉంది. మనిషికి జుట్టు నల్లగా ఉన్నంత మాత్రాన వయసు తగ్గుతుందా? ఆ సైజు గద్వాలలో లేదు, వనపర్తిలో లేదు. కారును డీసీఎంలో ఎక్కించి హైదరాబాదు పంపాను. టైరు ఒక్కొక్కటి 22 వేలు. నాలుగూ మార్చాలన్నారు.

మేలో పెబ్బేరు దగ్గర ఇంజను వేడెక్కి ముల్లు ఎర్రగీతకు వెళ్ళింది. మా పాలమూరు ఎండలకు మనుషులే వేడెక్కుతారు, కారెంత అనుకుని చెట్టు నీడన ఆపాను. కింద పచ్చటి నీళ్ళ మడుగు కట్టింది. ఈ కార్లలో రేడియేటరు పక్కన నీళ్ళ డబ్బా ప్లాస్టిక్కుది. వేడికి ఏళ్ళ తరబడి మగ్గి మగ్గి ఒక రోజున అతుకు దగ్గర పగులుతుంది. డబ్బా ఒక్కటే మారిస్తే రేపు పంపు పోతుంది, ఎల్లుండి థర్మోస్టాటు పోతుంది; అన్నీ ఒక ఈడువే కనుక ఒకేసారి మార్చమన్నారు. 65 వేలు. ఆ బిల్లు చేతిలో పట్టుకున్నప్పుడు గాని నాకు అసలు రహస్యం బోధపడలేదు. కారు ధర నలభై నుంచి తొమ్మిదికి దిగుతుంది. సామాను ధర దిగదు. తొమ్మిది లక్షల కారు కొన్నాననుకున్నాను. నేను కొన్నది నలభై లక్షల కారే. మొదటివాడు దాని తొలిభాగం కట్టి, మలిభాగం నాకు వదిలాడు.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. నాగర్‌కర్నూలులో చుట్టాల పెళ్ళి. పొద్దున్నే మబ్బు పట్టి చల్లగా ఉందని టాపు తీసి బయలుదేరాం. బిజినేపల్లి దగ్గర చినుకు పడింది. బొత్తాం నొక్కాను. టాపు సగం లేచి, ఏదో గుర్తుకు వచ్చినట్టు అక్కడే ఆగిపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. వాన పెద్దదైంది. మా ఆవిడ పట్టుచీరలో గొడుగు విప్పి పట్టుకుంది. ఆ గొడుగు కింద, గొడుగులాంటి సగం టాపుతో, లక్షల కారులో మేము నాగర్‌కర్నూలు చేరాం. దారిలో బస్సు కిటికీల్లో నుంచి జనం చూసిన చూపులు ఇప్పటికీ నాకు కలలో వస్తాయి.

మేనల్లుడికి ఫోను చేస్తే, హైదరాబాదులో ఒక వర్క్‌షాపువారిని అడిగి, టాపు లేపే మోటారు పోయి ఉంటుందనీ, కొత్తది వేయించాలంటే 2 లక్షల 20 వేలవుతుందనీ చెప్పాడు. పెళ్ళివారిలో ఒకరు నా ముఖం చూసి జాలిపడి, ఊళ్ళో పాత జీపులూ అంబాసిడర్లూ బాగుచేసే ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్ళారు. భాయ్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డిక్కీ తివాచీ కింద చెయ్యి పెట్టి తీశాడు. చెయ్యి తడిసింది. మడత టాపు పడుకునే గూటి మూలన, కింద ఉన్న చిన్న రంధ్రంలోకి సైకిలు బ్రేకు వైరు దూర్చి తిప్పాడు. గుప్పెడు కుళ్ళిన వేపాకు వచ్చింది. దాని వెనక చెంబెడు నల్లనీళ్ళు బుడబుడా కారాయి.

సంగతేమిటంటే, గుడ్డ టాపు మీద పడ్డ వాననీరు అంచుల వెంట ఆ గూటిలోకి దిగి, రెండు పక్కలా ఉన్న సన్నటి గొట్టాల్లోంచి కింద నేలమీదికి పోవాలి. మా ఇంటిముందు వేపచెట్టు కింద కారు నిలబెట్టాను. మాఘ ఫాల్గుణాల్లో రాలిన ఆకంతా ఆ గొట్టాల్లో చేరింది. టాపు లేపే నూనె పంపు మోటారును, ఏ మహానుభావుడి ఆలోచనో గాని, సరిగ్గా ఆ నీళ్ళు దిగే మూలనే అమర్చారు. గొట్టం పూడింది, నీరు నిలిచింది, మోటారు మునిగి చచ్చింది.

“సాబ్, నీళ్ళకు తొవ్వ ఇయ్యకుంటె, అయి తమ తొవ్వ జూసుకుంటయి” అన్నాడు భాయ్.

ముప్ఫై ఏళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసిన వాడికి ఒక మెకానిక్కు చెప్పవలసి వచ్చిన మాట అది! మా వనపర్తి పక్కనే సరళాసాగర్ ఉంది. రాజావారు తల్లిగారి పేరు పెట్టి కట్టించిన ప్రాజెక్టు. అదీ 1959లోనే ప్రారంభమైంది. దానిలో సైఫన్లున్నాయి. నీళ్ళు ఒక మట్టానికి రాగానే, గేటు ఎత్తేవాడు లేకుండా, మోటారు లేకుండా, వాటంతటవే గాలిని తోసేసి మిగులు నీటిని లాగి కిందికి వదులుతాయి. మట్టం తగ్గితే గాలి దూరి వాటంతటవే ఆగుతాయి. ఎంతమందికి చూపించి గొప్పలు చెప్పానో! అంత గొప్ప ప్రాజెక్టుకు కూడా 2019 డిసెంబరు 31న మట్టికట్ట తెగింది. యంత్రం ఎంత తెలివైనదైనా, పక్కన మట్టిని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఇవన్నీ తెలిసిన నేను, నా కారు గొట్టంలో వేపాకు చూసుకోలేదు.

భాయ్ పాత మోటారొకటి తెప్పించమన్నాడు. 85 వేలకు దొరికింది. దాన్ని మళ్ళీ ఆ నీళ్ళ మూలన పెట్టకుండా, నూనె గొట్టాలు పొడిగించి డిక్కీలో పైన, తడి తగలనిచోట బిగించాడు. కూలి పదివేలు తీసుకున్నాడు. పోయేటప్పుడు ఆ బ్రేకు వైరు నా చేతిలో పెట్టి, “ఆదివారం ఆదివారం గీకుండ్రి” అన్నాడు. నేను తు.చ. తప్పకుండా పాటించాను. ప్రతి ఆదివారం స్నానం చేయగానే సంధ్యావందనంలా కారు గొట్టాలు గీకేవాణ్ణి.

జూలైలో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషను రెన్యువలు వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఈ ఫీజులు పెంచింది. మామూలు కారుకు 600 నుంచి 5 వేలు. దిగుమతి కారుకు 15 వేల నుంచి 40 వేలు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే కాబోలు. (2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన దిగుమతి కార్లకు 80 వేలు చేశారు. అప్పటికి నేను గట్టెక్కాను.)

ఆ జూలైలోనే ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎడతెరిపి లేదు. ఒక రాత్రి రెండు గంటల వేళ వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. వెనకగదిలో అప్పటికే నాలుగుచోట్ల కురుస్తోంది. మా ఆవిడ లేచి గిన్నెలు సర్దుతోంది. నేను టార్చిలైటు, బ్రేకు వైరు తీసుకుని గొడుగు వేసుకుని బయటికి పరుగెత్తాను. ఎందుకంటారా? కారు గొట్టాలు పూడాయేమో చూడటానికి.

గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. నీరు ధారగా కిందికి పోతోంది. తృప్తిగా నిలబడి చూస్తూండగా ఇంట్లో దబ్బుమని చప్పుడైంది. పరుగెత్తుకు వెళ్ళాను. మిద్దెలో ఒక దూలం పక్కన మట్టి, కర్రచెక్కలతో సహా పెళ్ళగా ఊడి మంచం మీద పడింది. మా ఆవిడ తలగడ కనిపించలేదు. తట్టెడు మట్టి కనిపించింది. ఆమె మూలన గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. గిన్నె పెట్టడానికి లేచింది కాబట్టి నిలబడి ఉంది.

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. నా చేతిలో బ్రేకు వైరు వంక చూసి, “కారు మంచిగున్నదా?” అని అడిగింది.

అది ఎత్తిపొడుపు కాదు. అలవాటుగా అడిగింది. అందుకే నేను తలెత్తలేకపోయాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊళ్ళో వాళ్ళను ఎన్నిసార్లు నవ్వానో. ఆ పల్లకీ నా వాకిట్లోనే ఉంది, మోస్తున్నది ఆవిడ.

తెల్లవారి నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాను. చీలమండలోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు పోయే గొట్టం మూతిలో, అదే చెట్టు, అదే వేపాకు. కారు గొట్టాలు ఆదివారం ఆదివారం గీకాను; ఇంటి గొట్టం చూసి రెండేళ్ళయింది. అదే వైరుతో గీకితే ఐదు నిమిషాల్లో నీరంతా పోయింది.

మేము ముందు గదిలోకి మారాం. ఆ వారమే కారు అమ్మకానికి పెట్టాను. అయితే దాన్ని అమ్మాలన్నా డబ్బే కావాలి. చూడవచ్చినవాడల్లా కింద నూనె చెమ్మ చూపించాడు: ఇంజను మూత వాషరు, 28 వేలు. గుంతలో పడితే లొటలొటమంటోంది: చక్రాల చేతులూ బుష్షులూ, 70 వేలు. మధ్యలో ఒక రోజు బ్యాటరీ చచ్చి, గేరు కూడా కదలకుండా మొండికేసింది. కొత్త బ్యాటరీ 18 వేలు. ఆ పనికి హైదరాబాదు వెళ్ళినప్పుడు, పొద్దు గడవక చౌమహల్లా ప్యాలెస్ చూడబోయాను. అక్కడ 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పురమాయించినది. అది చేతికి రాకుండానే 1911లో ఆయన పోయాడు. ఆ కారు బహు కొద్ది దూరమే తిరిగిందట. తిరగకుండా నిగనిగలాడుతూ నిలబడే కారును పోషించడానికి నిజాము ఖజానా ఉంది. నాకున్నది పెన్షన్ పుస్తకం.

2023 జనవరిలో కారు ఆరు లక్షలకు పోయింది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. టైర్లు 88 వేలు, నీళ్ళ డబ్బా వగైరా 65 వేలు, టాపు మోటారు 95 వేలు, తివాచీలూ తడిసిన వైర్ల పెట్టె ఆరబెట్టినందుకు 12 వేలు, బ్యాటరీ 18, వాషరు 28, బుష్షులు 70, రిజిస్ట్రేషను 40, మూడుసార్లు బండి మీద మోయించినందుకు 27, ఇన్సూరెన్సు, గ్రీన్ టాక్సు, చిల్లర మల్లర 37 వేలు. మొత్తం 4 లక్షల 80 వేలు. కొన్నదీ అమ్మినదీ తేడా 3 లక్షలు. వెరసి 7 లక్షల 80 వేలు. మేస్త్రీ చెప్పిన స్లాబు ఖర్చుకు ఇరవై వేలు తక్కువ! తిరిగింది 3,120 కిలోమీటర్లు. కిలోమీటరుకు 250 రూపాయలు, పెట్రోలు వేరే.

నాలాంటి వారెవరైనా ఇంకా ఉంటే, వారికి నాలుగు మాటలు. కొనేముందు టాపును మూడుసార్లు తీసి మూడుసార్లు వేసి చూడండి. ఒకసారి లేచేది మూడోసారి లేవకపోవచ్చు. టాపు గూటి మూలల్లో ఒక చెంబు నీళ్ళు పోసి, కింద నేలమీద పడుతున్నాయో లేదో చూడండి. డిక్కీ తివాచీ కింద చెయ్యి పెట్టండి. టైరు మీద అంకెలు చదవండి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. రిజిస్ట్రేషను ఎన్నాళ్ళుందో చూడండి. కారు ధరలో సగం విడిగా బ్యాంకులో ఉంటే కొనండి. అన్నిటికంటె ముందు మిద్దె ఎక్కి మీ ఇంటి గొట్టం చూసుకోండి. ఇంట్లో వారు “మీ ఇష్టం” అంటే ఆ రోజుకు బేరం మానుకోండి.

ఆ ఏప్రిల్‌లో స్లాబు పోయించాం. జూలైలో మళ్ళీ ముసురు పట్టింది. కొత్త గదిలో పడుకుని వాన వింటున్నాం. ఎక్కడా చుక్క లేదు. గిన్నెలు వంటింట్లోనే ఉన్నాయి. మా ఆవిడ నిద్రపోయిందనుకున్నాను.

“బీచుపల్లి వంతెన మీద మాత్రం మంచిగుండెనండీ” అంది చీకట్లో.

నాకేం చెప్పాలో తోచలేదు. “మళ్ళీ పోదాం, బస్సులో. కిటికీ పక్క సీటు పట్టిస్తాను” అన్నాను.

“పట్టించండి” అంది.

బ్రేకు వైరు వాకిలి పక్కన మేకుకు వేలాడుతోంది. ఆదివారం ఆదివారం నిచ్చెన ఎక్కుతున్నాను.